పొట్ట ఉబ్బిన ఫోను

ఆ వీధిలో ఆమెను అందరూ మడతల పిన్ని అనేవారు. బట్టలు ఇస్త్రీ చేసి మడత పెట్టడంలో ఆమెకు సాటి లేదు, సరే. ఆ పిచ్చి బట్టలతో ఆగితే బాగుండేది. నలిగిన కరెంటు బిల్లయినా, వంకర పోయిన అట్టముక్కయినా తీసుకెళ్లి చల్లారిన పాత బొగ్గుల ఇస్త్రీ పెట్టె కింద పెట్టేసేది. తెల్లారేసరికి అది చచ్చినట్టు చదునైపోయేది. ఒకసారి మొగుడి టోపీకి కూడా అదే మర్యాద చేసింది. ఆయన మళ్లీ ఆ టోపీ పెట్టుకుంటే ఒట్టు!

ఆ రోజు పిన్ని కాలు నేల మీద నిలవడం లేదు. కూతురు పక్క ఊళ్లో కాన్పుకి ఆసుపత్రిలో చేరింది. ఏ క్షణమైనా కబురు చెబుతానన్నాడు అల్లుడు. మొట్టమొదటి కాన్పు! బట్టలు తెచ్చిన ప్రతివాళ్లకీ అడక్కుండానే చెప్పేసింది. ఆ హడావిడిలో ఇస్త్రీ చేసిన చొక్కానే మళ్లీ చేసింది.

చిక్కల్లా ఫోనుతోనే. కొన్నాళ్లుగా దాని వీపు ఉబ్బుకొస్తోంది. బల్ల మీద పెడితే బొంగరంలా తిరుగుతోంది. చార్జింగ్ నిలవడం మానేసింది.

"అమ్మాయికి తోడు దీనికీ నెలలు నిండాయే," అన్నాడు మొగుడు, బట్టల మూట సైకిలుకు కట్టుకుంటూ. "బ్యాటరీ పాడైంది, చార్జింగ్ పెట్టొద్దని ఎదురు షాపాయన చెప్పాడుగా."

ఎదురు షాపాయనంటే పంక్చర్లు వేసే ఆయన. తన ఫోన్ నంబరు షట్టరు నిండా ఎర్ర రంగుతో రాయించుకుని కూర్చుంటాడు.

"ఆయన్ని పంక్చర్లు చూసుకోమను! ఇది ఆగిపోతే అల్లుడు ఎవరికి చేస్తాడు? నీకా? నీకు ఫోనే లేదు!"

ఆయన సైకిలెక్కి మూట ఇచ్చిరావడానికి వెళ్లిపోయాడు.

పిన్ని ఫోనుకు చార్జరు తగిలించింది. ఉబ్బిన ఆ పొట్ట చూస్తే ఆమె చెయ్యి ఊరుకుంటుందా? తువ్వాలులో చుట్టి ఇస్త్రీ బల్ల మీద ఉంచి, పాత ఇస్త్రీ పెట్టె ఎత్తి దాని నెత్తిన పెట్టింది. లోపలున్నది గాలే కదా, అణిగిపోతుంది అనుకుంది. ఎంత ధైర్యం! పక్కనే స్కూలు యూనిఫారాల దొంతర, అన్నీ ఊరివాళ్ల పిల్లలవే.

ముందు ఏదో ఘాటైన వాసన. బొగ్గులేమో అని కుంపటి వైపు చూసింది. అంతలో బుస్సుమని చప్పుడు, తువ్వాలులోంచి పొగ!

"అయ్యో, నా ఫోను!" పిన్ని చెయ్యి చాచేసింది. ఆమె కంటికి బల్లా కనబడలేదు, బట్టలూ కనబడలేదు, అల్లుడి కబురొక్కటే.

"అక్కా, ముట్టుకోకు!" పంక్చర్లాయన రోడ్డు అవతలినుంచి అరుస్తూ పరిగెత్తుకొచ్చాడు. "ముందు స్విచ్చి ఆపు!"

ఆ కేకకి పిన్నికి తెలివొచ్చింది. గోడ దగ్గర స్విచ్చి ఆపింది. యూనిఫారాలను మోచేత్తో కిందకి నెట్టింది. ఇస్త్రీ పెట్టెను పక్కకి తోసి, బొగ్గులు తీసే పటకారుతో తువ్వాలు సహా ఫోనును పట్టుకుని, వీధిలో ఇల్లు కట్టేవాళ్లు పోసుకున్న ఇసక కుప్ప మీదకి విసిరింది. అక్కడ పడీ పడగానే భగ్గుమంది. పంక్చర్లాయన పార అందుకుని ఇసక మీద ఇసక పోశాడు.

బల్ల దక్కింది. బట్టలు దక్కాయి. పిన్ని మాత్రం వీధిలో చతికిలబడి బావురుమంది.

"అల్లుడి నంబరు నోటికి రాదు తమ్ముడూ! అంతా దాన్లోనే ఉంది. నా పిల్ల ఎలా ఉందో!"

"ఏడవకక్కా, బస్సెక్కిస్తాను పద," అంటుండగా ఆయన జేబులో ఫోను మోగింది. ఎవరో కొత్త నంబరు. విని, మొహం చేటంత చేసుకుని ఆమె చేతికిచ్చాడు.

"అమ్మా! నీ ఫోను కలవదేంటే? ఆడపిల్లమ్మా! అచ్చం నీ ముక్కే!"

కూతురి గొంతు! నీరసంగా ఉన్నా నవ్వుతోంది. పిన్ని ప్రాణం లేచొచ్చింది.

"నా తల్లే! ఈ నంబరు నీకెలా తెలుసే?"

"తెలీకేం? చిన్నప్పుడు నీ బల్ల కింద కూర్చుని అంకెలు నేర్చుకుంది ఆ షట్టరు చూసే కదా!"

పిన్ని నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"పాపేదే?"

"నా పక్కనే, దుప్పట్లో నిద్రపోతోంది."

"ఈ ఫోనెవరిది?"

"మీ అల్లుడిదే. చార్జింగ్ అయిపోతుంటే దిండు మీదే పెట్టి, తీగ తగిలించి మాట్లాడుతున్నా. కాస్త వేడెక్కింది కానీ..."

"తియ్యవే!" పిన్ని కేకకి వీధంతా ఉలిక్కిపడింది. "తీగ పీకి, పిల్ల దగ్గర్నుంచి దూరంగా పెట్టు! ముందు ఆ పని చెయ్యి, నేను బస్సెక్కుతున్నా!"

పొద్దుటినుంచీ కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసిన ఆ ఫోనును పిన్నే కట్ చేసింది.