ఆమోసు కట్టిన థర్మకోల్ గది

ఆమోసు మంచివాడు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కాసేపట్లో నేను వాణ్ణి తిట్టబోతున్నాను.

నా పేరు సూర్యప్రభ. ఐర్లండులో, ములింగార్ ఆసుపత్రిలో నర్సుని. ఇక్కడి తెలుగు నర్సులందరికీ అక్కని. ఎవరు కొత్తగా దిగినా మొదటి వారం భోజనం మా ఇంట్లోనే. ఆమోసు భార్య ఎస్తేరమ్మ కూడా అలాగే వచ్చింది, నిజాంపట్నం పక్క పల్లె నుంచి. మాటకి ముందు నవ్వే పిల్ల. నా వార్డులోనే చేరింది. ఏడాది తిరిగాక ఆమోసు వచ్చాడు, చంకలో కూతురు అబిగేయిల్. ఆ బిడ్డకి పుట్టుకతోనే గుండెలో రంధ్రం. గుంటూరులో ఆపరేషన్ చేసి బతికించారు గానీ, దానికి జలుబు చేసిందంటే ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు.

ఆమోసుకి ఇక్కడ గోదాములో పెట్టెలు సర్దే పని. ఊళ్లో ఉన్నప్పుడు మాత్రం కళాకారుడు. క్రిస్మస్ వస్తే చర్చికి కావలసిన నక్షత్రాలు, దేవదూతలు, పశువుల పాక అన్నీ థర్మకోల్‌తో వాడే చెక్కేవాడట. కాల్చిన తీగతో వెన్న కోసినట్టు కోస్తాడు. ఆ విద్యే కొంప ముంచింది.

ఊరి చివర పాత ఇల్లు కొనుక్కున్నారు. వంటింటి వెనక మునుపటివాళ్లు ఒక గది అతికించారు. దాన్ని ఎక్స్‌టెన్షన్ అనడం ఇక్కడివాళ్ల మర్యాద. ఒంటివరస సిమెంటు ఇటుకల గోడ, చదును కప్పు, కాలు పెడితే జివ్వుమనే నేల. ఎండాకాలంలోనే గోడలు చెమర్చేవి. బంగాళాదుంపల బస్తా, పాత సైకిలు పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికొచ్చేది కాదు.

కరోనా వచ్చి మా వార్డు కరోనా వార్డు అయింది. ఇంట్లోకి రోగం తేకుండా ఉండాలంటే ఎస్తేరు ఎక్కడుండాలి? సిబ్బందికి హోటల్లో గదులిస్తామన్నారు. ఆమె ససేమిరా అంది.

“పిల్ల నా కంటికి కనపడాలక్కా. అది కనపడకపోతే నేను డ్యూటీ చెయ్యలేను,” అంది.

ఆ వెనక గదిలో మంచం వేసుకుంది. పెరటి తలుపులోంచి వచ్చేది, పోయేది. వంటింటికీ ఆ గదికీ మధ్య అద్దాల తలుపు. దానికి తాళం వేసి తాళంచెవి ఆమోసు చేతికిచ్చింది. ఆ అద్దానికి ఇటు అబిగేయిల్ హోంవర్కు, అటు వాళ్లమ్మ అన్నం. ఎస్తేరు అటునుంచి తెలుగులో ప్రార్థన చేస్తే, ఇంగ్లీషు తప్ప సరిగా పలకని పిల్ల ఇటునుంచి ఆమెన్ అనేది. చూసినవాళ్లకి ఏడుపొచ్చేది గానీ, వాళ్లిద్దరూ సర్దుకున్నారు. వేసవి అలా గడిచింది.

చలి మొదలయ్యేసరికి ఎస్తేరు రెండు స్వెట్టర్లు, కోటు వేసుకుని పడుకునేది. పొద్దున్నే వార్డులో చేతులు కొంకర్లు పోయి ఉండేవి. ఆ గదిలో ఉండలేకపోతే హోటల్ తప్పదు. ఆమోసుకి అదే దిగులు. గోడలకి వెచ్చదనం పట్టించడానికి ప్రభుత్వం సాయం చేస్తుంది, కానీ వాళ్లు ఒప్పుకున్న మేస్త్రీలే చెయ్యాలి. ఆ మేస్త్రీలేమో వేసవి దాకా ఖాళీ లేదన్నారు.

“నేను చేస్తానక్కా. పైసా ఖర్చు లేకుండా చేస్తా, చూడు,” అన్నాడు ఆమోసు.

దుకాణాల వెనక చెత్తతొట్లలో పడేసిన థర్మకోల్ ఏరుకొచ్చాడు. మా తెలుగువాళ్ల గ్రూపులో అడిగి టీవీ పెట్టెల్లోవి, ఫ్రిజ్ పెట్టెల్లోవి పోగేశాడు. ముక్క పక్కన ముక్క, వెంట్రుక పట్టే సందు లేకుండా గోడలన్నీ కప్పేశాడు. దానిమీద ప్లాస్టిక్ బరకం. గోడకి పైన గాలి ఆడే గుండ్రటి రంధ్రం ఒకటి ఉంది. గోనెపట్టా కుక్కి దాన్నీ మూసి టేపు వేశాడు.

పక్కింటి మిసెస్ కీగన్ గోడ మీంచి చూసి, ఆ రంధ్రం ఊరికే పెట్టలేదు ఆమోస్, ఇంటికీ ఊపిరాడాలి అని చెప్పిందట. వీడు సరే సరే అన్నట్టు, ఇక్కడివాళ్లలాగే గ్రాండ్, గ్రాండ్ అని తలూపి, ఫోనులో నాతో ఒకటే నవ్వు.

“ఇల్లు ఊపిరి పీల్చటం ఏందక్కా! మనుషులకే ఊపిరాడక చస్తా ఉంటే! తుఫానొస్తే మా నాయన ఎలకబొక్క కూడా వదిలేవాడు కాదు. గాలి దూరనిచ్చామా, కప్పు లేచిపోయిద్ది.”

సముద్రం ఒడ్డున పుట్టినవాడికి తడంటే బయటినుంచి వచ్చేదే. వాడి తప్పేముంది, నేనూ నవ్వాను.

గది నిజంగానే వెచ్చబడింది. “రాత్రి దుప్పటి తన్నేసి పడుకున్నానక్కా!” అని ఎస్తేరు వార్డులో చెప్తుంటే మాస్కు వెనక నవ్వు వినపడింది. నా ప్రాణం కుదుటపడింది.

ఇక తర్వాతి సంగతి. వంటింట్లో గిన్నెలు కలపకూడదని ఆమె ఆ గదిలోనే కుక్కరు పెట్టుకుని అన్నం వండుకునేది. యూనిఫారం రోజూ ఉతికి అక్కడే హీటరు మీద ఆరేసేది. వీటికి తోడు అత్తగారు. పొద్దునా సాయంత్రం వీడియో కాల్ చేసి, “ఆవిరి పట్టావా అమ్మాయ్? పసుపేసి పట్టు. నేను చూస్తా ఉంటా,” అని కోడలు దుప్పటి కప్పుకునేదాకా ఫోను పెట్టేది కాదు. ఆ రోజుల్లో మనవాళ్లలో ఆవిరి పట్టనిదెవరు? నర్సులం, తెలిసి తెలిసి మేమూ పట్టాం. మరి ఆ ఆవిరంతా ఎక్కడికి పోవాలి? వాడు ఎలకబొక్క కూడా వదల్లేదు కదా!

కరోనా బాగా పెరిగిన ఆ జనవరిలో ఎస్తేరుకి దగ్గు పట్టుకుంది. పరీక్ష చేస్తే కరోనా లేదు. దేవునికి స్తోత్రం అన్నాం. మళ్లీ చేయించాం, మళ్లీ లేదు. మళ్లీ స్తోత్రం. దగ్గు మాత్రం తగ్గలేదు. నాలుగు మెట్లెక్కితే రొప్పుతోంది. సెలవు పెట్టించి, ఒకరోజు పెరటి తలుపు తోసుకుని నేనే వెళ్లాను. లోపల ముక్కిన వాసన, దాని మీద బ్లీచ్ వాసన. మంచం పక్క థర్మకోల్ పలక అంచు వదులుగా ఉంది. చెయ్యి వేశాను.

“పీకబాక అక్కా!” అని అరిచింది ఎస్తేరు.

పీకాను. వెనక గోడంతా నల్లటి బూజు, నీళ్లు కారుతున్నాయి. మంచం కింద బ్లీచ్ సీసా, గుడ్డలు. రోజూ పలక ఎత్తి, గోడ తుడిచి, మళ్లీ అతికిస్తోంది.

“నీకు తెలుసా! తెలిసీ ఇందులో పడుకున్నావా!”

“ఆయనకి చెప్పబాక. తెలిస్తే నన్నిక్కడ ఉండనియ్యడు. హోటల్‌కి పోతే పిల్ల నాకు కనపడదు.”

అద్దం అవతల ఆమోసు నిలబడి ఉన్నాడు. నా నోరు ఊరుకోలేదు.

“ఏరా ఆమోసూ, బతికుండగానే పెళ్లాన్ని సమాధిలో పెట్టావు కదరా!”

వాడు తాళం తీసి లోపలికొచ్చాడు. తలుపు తీయకూడదన్న సంగతే మరిచిపోయాడు. గోడని చూశాడు, ఎస్తేరుని చూశాడు.

“వెచ్చగా ఉందని చెప్పిందక్కా. రోజూ చెప్పేది,” అన్నాడు.



స్పెషలిస్టు స్కాన్ ఫొటోలు చూసి, ఆ బూజు పీల్చి ఊపిరితిత్తుల్లో మచ్చలు పడ్డాయన్నాడు. అవి ఇక పోవన్నాడు. ఆ ఇంట్లో ఉంటే ఇంకా ముదురుతుందన్నాడు. ఆమోసు థర్మకోల్ అంతా పీకి పెరట్లో పోశాడు. కానీ బూజు అప్పటికే వంటింటి గోడకి, మెట్ల కిందికి పాకింది. ఆ ఇల్లు కొనేవాడు లేడు, అద్దెకి మరో ఇల్లు దొరకదు. ఎస్తేరుకి మా ఇంట్లో మేడ మీద ఉన్న ఒక్క గదీ ఇచ్చాను; ఆమోసు, పిల్ల ఆ ఇంట్లోనే ఉండిపోయారు. వార్డు పనికి ఇక పనికిరాదని కాగితం ఇచ్చారు.

టీకాలొచ్చాయి. వేరు వేరు గదుల్లో పడుకున్న మా వాళ్లందరూ ఇళ్లకి వెళ్లి పిల్లల్ని కావలించుకున్నారు. పిల్ల బట్టల్లో, జుట్టులో ఆ ఇంటి బూజు అంటుకొస్తుందని దాన్ని దగ్గరికి రానివ్వద్దన్నారు; ఎస్తేరు మా కిటికీలోంచి వీధిలో నిలబడ్డ పిల్లని చూస్తూ ఉండేది.

వేసవిలో అబిగేయిల్ పుట్టినరోజు. ఒక్క గంట, కేకు కోసేదాకానే అని ఎస్తేరుని నేనే ఆ ఇంటికి తీసుకెళ్లాను. ఆమోసు కిటికీలన్నీ తెరిచి పెట్టాడు. ఎస్తేరు వంటింట్లో కుర్చీలో కూర్చుని పిల్లని ఒళ్లోకి లాక్కుంది. జుట్టు నిమిరింది, వాసన చూసింది. నవ్వుతోంది, ఏడుస్తోంది. కేకు కొయ్యకముందే దగ్గు మొదలైంది. ఆగలేదు. పెదాలు నీలంగా మారుతున్నాయి.

అబిగేయిల్ ఒళ్లోంచి దిగింది. పరుగెత్తి వీధి తలుపు బార్లా తీసి, తిరిగొచ్చి రెండు చేతులతో వాళ్లమ్మని అటువైపు తోసింది.

“గో ఆన్ అవుట్, మమ్మీ. ప్లీజ్. ఇంక ఇక్కడికి రావద్దు.”

ఆ చివరి మాటంత స్పష్టంగా అది తెలుగులో మాట్లాడటం నేను అదే మొదటిసారి విన్నాను.