పదిహేడో గడి

2006 ఆగస్టులో, మేడ్చల్ దాటాక హైవే పక్కనున్న ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీలో ఆఫీసు సూపరింటెండెంటుగా చేరాను. అంతకు ముందు ఇరవయ్యేళ్లు రెవెన్యూ శాఖలో కుల ధ్రువీకరణ పత్రాల సీటులో కూర్చున్నవాణ్ణి. మనిషి గుమ్మం బయట చెప్పులు విడుస్తుండగానే కులం చెప్పేస్తానని నాకో గర్వం. మా ఆవిడ దాన్ని రోగం అనేది.

సూపరింటెండెంటు అంటే ప్రిన్సిపాల్ తర్వాత తనేనని అనుకునే మనిషి. ఇంకెవరూ అలా అనుకోరు. నా చేతిలో ఉన్న అసలు అధికారమల్లా అడ్మిషన్ రిజిస్టరు. విద్యార్థికో వరుస, వరుసకు ఇరవై గడులు. అన్నీ నిండితేనే నేను పొట్టి సంతకం పెడతాను. అది పడితేనే ప్రిన్సిపాల్ బోనఫైడ్ ఇస్తారు, అంటే ఫలానా విద్యార్థి మా దగ్గరే చదువుతున్నట్టు పత్రం.

ఆ ఏడు ఆఫ్రికాలోని రువాండా నుంచి క్లోడెట్ అనే అమ్మాయి బి.ఫార్మసీలో చేరింది. ఇరవయ్యేళ్లుంటాయి. బాగా పొడుగు, మాట తక్కువ. విదేశీ విద్యార్థులు దేశంలో దిగిన పద్నాలుగు రోజుల్లోగా పోలీసు శాఖ దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. దానికి బోనఫైడ్ కావాలి. గడువు దాటితే వీసాకే ఎసరు. పన్నెండో రోజుకి ఆమె వరుసలో పంతొమ్మిది గడులు నిండాయి. పదిహేడోది మాత్రం ఖాళీ. అది కులం గడి. నింపమని రెండుసార్లు ఆమె అడ్మిషన్ ఫారం తిప్పి పంపాను, రెండుసార్లూ అలాగే తిరిగొచ్చింది.

"గా పిల్లకు కులం యాడికెల్లి వస్తది సార్? ఇడిసిపెట్టుండ్రి," అన్నాడు నర్సింహ. అతను మా జూనియర్ అసిస్టెంటు, షామీర్‌పేట నుంచి రోజూ బండి మీద వచ్చేవాడు. "ఎల్లుండితోని టైం అయిపోతది. మస్తు పరేషాన్ల ఉంది పాపం."

కులం లేని మనిషి ఉంటాడా అని అతనికి క్లాసు పీకాను. అంతటితో ఆగినా బాగుండేది. 1994 వేసవిలో పేపరు లోపలి పేజీల్లో రువాండా వార్తలు చదివిన జ్ఞాపకం. హుటూలు, టుట్సీలు, ఏదో రెండు తెగల కొట్లాట అనుకుని అప్పట్లో పేజీ తిప్పేశాను. ఆ కాస్త జ్ఞానం ఇప్పుడు చాలనిపించింది. టుట్సీలు పొడుగ్గా ఉంటారని ఎక్కడో చదివాను. క్లోడెట్ మా ఆఫీసు గుమ్మం దగ్గర తల వంచుకుని వస్తుంది. ఇంకేం, పెన్సిలుతో "టుట్సీ" అని రాశాను. ఆమెను పిలిచి, సరేనంటే సిరాతో దిద్దుతానని రిజిస్టరు తిప్పి చూపించాను. మెచ్చుకుంటుందనే అనుకున్నాను.

ఆమె ఆ గడి చదివింది. ఎలా తెలిసిందని అడిగింది. మీ ఎత్తు చూసి అన్నాను, నవ్వుతూ.

అప్పుడామె ఇంగ్లీషులో నిదానంగా చెప్పింది. బెల్జియం వాళ్లు ఏలిన కాలం నుంచి వాళ్ల గుర్తింపు కార్డులో ఇలాంటి గడే ఒకటి ఉండేదట. 1994 ఏప్రిల్ నుంచి సుమారు వంద రోజులు టుట్సీలను వెతికి వెతికి చంపారు. అది కొట్లాట కాదంది. ప్రభుత్వమే పూనుకుని, జాబితాలు రాసి చేయించిన పని అంది. రోడ్లకు అడ్డాలు కట్టి కార్డులు అడిగేవారు. వాళ్ల నాన్న కార్డు చూపించాడు. ఇంటికి తిరిగి రాలేదు. ఎనిమిదేళ్ల తనను పొరుగావిడ అటక మీద దాచింది కాబట్టి మిగిలింది. కార్డు లేదన్నవాళ్లను ఎత్తూ ముక్కూ చూసి తేల్చేవారట. మీలాగే అని ఆమె అనలేదు, అనక్కర్లేకపోయింది. తర్వాత వచ్చిన ప్రభుత్వం కార్డులోంచి ఆ గడి తీసేసిందని చెప్పి, రబ్బరు ఉందా అని అడిగింది.

నా ఊహ తప్పయి ఉంటే నవ్వులపాలై బయటపడేవాణ్ణి. సరిగ్గా సరిపోయింది. సిగ్గేసింది, భయమూ వేసింది. ఇరవయ్యేళ్లు నేను గొప్పగా చెప్పుకున్న విద్యతోనే అక్కడ మనుషుల్ని ఏరారు.

"రబ్బర్ గీడుంది సార్," అని నర్సింహ నా ముందు పెట్టాడు, నా మొహం చూడకుండా. తుడిచాను. గడి ఖాళీగా వదలడానికి అప్పటికీ చెయ్యి రాలేదు. సిరాతో "వర్తించదు" అని రాసి సంతకం పెట్టాను. ఆ గడిలో ఆ మాట రాయడం నా సర్వీసులో అదే మొదలు. పద్నాలుగో రోజు నేనే ఆమెను బస్సులో వెంటబెట్టుకు వెళ్లి నమోదు చేయించాను. కొంపల్లి దాటేదాకా బస్సెక్కిన వాళ్లెవరి కులమూ ఊహించకుండా కూర్చున్నాను. అది నాకు కొత్త.

మరుసటి ఏడు విదేశీయుల ఫారంలో ఆ గడి తీయించాను. మన పిల్లల ఫారంలో ఉంచాను, వాళ్ల స్కాలర్‌షిప్పు దానిమీదే వస్తుంది. నాలుగేళ్లకు క్లోడెట్ డిగ్రీ పుచ్చుకుని వెళ్తుంటే టీసీ నేనే రాశాను. రిజిస్టరు తీస్తే పదిహేడో గడిలో సిరా కింద పెన్సిలు నొక్కు ఇంకా కనబడుతోంది. నాది మొదటినుంచీ గట్టిగా నొక్కి రాసే చెయ్యి. ఆ ఉద్యోగంలో ఆలస్యంగా నేర్చుకున్నది ఇంతే: మనకు తెలిసిందల్లా రిజిస్టరుకు ఎక్కించకూడదు.