మందులు మానేసిన మనిషి కాదు

పరుపులావిడ నోటికి ఆ వీధంతా జడుస్తుంది. పెద్ద సూదితో దూది పరుపులు కుట్టే చేతులెంత చురుకో, నాలుక అంతకంటే చురుకు. ఒంట్లో హెచ్‌ఐవి ఉందని తెలిసినప్పుడు కూడా తల దించుకోలేదు. "మందుంది, మింగుతాను. మధ్యలో మీకేం నొప్పి?" అని కొట్టు గుమ్మంలోనే అనేసింది. కిందటేడు క్షయ వస్తే ఆ మాత్రలూ చివరిదాకా వాడింది.

ఇప్పుడు మళ్ళీ దగ్గు. దగ్గితే రక్తం.

ఆసుపత్రిలో ఎక్స్‌రే చూసిన డాక్టరు క్షయ తిరగబెట్టిందనీ, మాత్రలు మధ్యలో ఆపేసి ఉంటుందనీ తేల్చేశాడు. నర్సు వరండాలోకి తొంగిచూసి, "మందులు మానేసిన ఆవిడ ఎవరమ్మా? లోపలికి రండి!" అని కేకేసింది. బెంచీల మీద వాళ్ళంతా తిరిగి చూశారు. పరుపులావిడకు ఒళ్ళు మండిపోయింది. రోగానికి బెదరని మనిషి ఆ పిలుపుకు చిన్నబోయింది.

"ఒక్కటీ మానలేదు," అంది లోపలికెళ్ళి డాక్టరుతో. "కఫంలో క్షయ లేదని మీ పరీక్షే చెప్పింది కదా? ఆ మాత్రలు మళ్ళీ మింగను."

"మింగకపోతే ప్రాణానికే ముప్పమ్మా."

"లేని రోగానికి మందేస్తే ఉన్న రోగం ఊరుకుంటుందా? ఇంకేముందో వెతకండి."

అప్పుడు వదిన నోరు విప్పింది. తోడొచ్చిందే గానీ ఇద్దరికీ క్షణం పడదు. కిందటేడు దగ్గరుండి మాత్రలు మింగించే పని ఆసుపత్రివాళ్ళు ఆమెకే అప్పగించారు.

"ఇదంటే నాకు ఒళ్ళుమంట డాక్టరుగారూ. దీనికోసం అబద్ధమాడే ఖర్మ నాకు లేదు. రోజూ నోరు తెరిపించి నాలుక కింద కూడా చూశాను. ఒక్క మాత్ర తప్పలేదు."

డాక్టరు ఆవిణ్ణి స్కానుకూ, రక్తపరీక్షకూ పంపాడు.

క్షయ కాదని తేలింది. కిందటేడు అది ఊపిరితిత్తిలో వదిలివెళ్ళిన గుంటలో, తడిసిన దూదికి బూజు పట్టినట్టు, ఫంగస్ పెరిగింది.

"దీనికి మందు వేరు. నెలల తరబడి వాడాలి. మీ హెచ్‌ఐవి మందులతో పడేలా చూసి ఇస్తాను," అన్నాడు డాక్టరు. ఆపైన, "పొరపాటు నాదే. మీరు మానలేదు," అన్నాడు.

ఆవిడకు కడుపు నిండినట్టయింది. అయినా కుర్చీలోంచి లేవలేదు.

"ఆ ముక్క ఇక్కడ నాకెందుకు? వరండాలో చెప్పండి."

డాక్టరు మొహం ఎర్రబడింది. కానీ లేచాడు. గుమ్మంలో నిలబడి, "ఈవిడ మందులు మానలేదు. పొరబడింది నేను," అన్నాడు.

"గట్టిగా చెప్పండి," అంది వెనకనుంచి వదిన. "చివరి బెంచీవాళ్ళకి వినపడలేదు."