కుంట ఎర్రబడ్డ ఎండకాలం

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు కోస్గి దగ్గరి మా ఊరి కుంటలో పూడిక తీసి చేపపిల్లల్ని వదిలారు. అప్పటికి నేను పాలమూరులో ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్తున్నాను. మేం అబ్బా అని పిలిచే మా నాన్న ఇంటి వెనక పెద్ద డేగిసాలో నీళ్లు మరగబెట్టి చీరలకు, ఓణీలకు రంగు వేసేవాడు.

ఆ ఎండకాలం ఒక ఆదివారం బస్సు దిగి ఇంటికి వెళ్లేసరికి గుమ్మం ముందు జనం. కుంట నీళ్లు నెత్తుటిలా మారాయట. చేపలు చచ్చి తేలాయట.

"నీ రంగునీళ్లే భాయ్. ఇంకెక్కడియి గా ఎరుపు?" అంటున్నాడు చేపల సంఘం పెద్దమనిషి. ఆయనా నాన్నా చిన్నప్పటి నుంచి దోస్తులు.

"నా నీళ్లు నా పెరట్ల గుంతలనే ఇంకుతయి. గక్కడిదాంక ఎట్ల పోతయి?" అన్నాడు నాన్న. ఆ ఒక్కమాటే. పొయ్యి ఆర్పి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

నాకు కాలు నిలవలేదు. కుంట దగ్గరికి పోయాను. నీటి మీద ఎర్రటి మీగడలాంటి తెట్టె. రంగునీళ్లయితే నీరంతటా కలవాలి కదా, పైనే ఎందుకు కట్టింది? ఇంటికొచ్చి అడిగితే అమ్మ ఇంకో మాట చెప్పింది. "పొద్దుగాల నేను పోయినప్పుడు పచ్చగనే ఉండె బిడ్డా. ఎండెక్కినంక ఎర్రగైంది."

ఎప్పుడో చదివిన పాఠం లీలగా మెదిలింది. సీసాలో ఆ నీళ్లు పట్టుకుని సాయంత్రమే బస్సెక్కాను. పక్క సీటామె సీసాను చూసి, "షర్బతా అమ్మా?" అని అడిగింది. కాదన్నాను. అంతకన్నా మాట్లాడే ఓపిక లేదు. బస్సు ఆగిన ప్రతిచోటా డ్రైవర్ మీద కోపం వచ్చింది.

మర్నాడు కాలేజీ తాళం తీయగానే సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాను. గాజుపలక మీద ఏకకణ జీవులు మెలికలు తిరుగుతూ ఈదుతున్నాయి. యూగ్లీనా. ఒళ్లంతా ఎర్రటి చుక్కలు, వాటి సందుల్లో పచ్చటి హరితరేణువులు. ఆకుల్లో ఎండను ఆహారంగా మార్చేవి ఈ రేణువులే. ఒకప్పుడు అవి విడిగా బతికిన సూక్ష్మజీవులు. వాటిని వేరే కణమేదో మింగి, అరిగించుకోకుండా తనలో ఉండనిచ్చింది. నాచులూ చెట్లూ ఆ వంశంలోవే. యూగ్లీనా పూర్వీకులు మాత్రం ఆ తర్వాత అలాంటి పచ్చటి నాచునొకదాన్ని మింగి, దాని పచ్చదనాన్ని తమది చేసుకున్నాయి. ఇదంతా ఏటా బోర్డు మీద రాసేదాన్నే. ఆ రోజు మాత్రం ఇంకో చుక్క వేసి మళ్లీ చూశాను.

సెలవు చీటీ రాసిచ్చి మళ్లీ ఊరికి బయల్దేరాను.

నాన్న వద్దన్నాడు. "ఊకో బిడ్డా. వానలు పడితే గదే పోతది."

"వానలదాంక నిన్ను దొంగ లెక్క చూస్తుంటే నేను ఊకుండాల్నా అబ్బా?"

మధ్యాహ్నం కుంట గట్టు మీదికి సంఘం పెద్దమనిషిని, ఆయన వెంట నలుగురిని పిలిచాను. రెండు తెల్లటి పింగాణీ పళ్లేల్లో ఎర్ర తెట్టె ముంచి పెట్టాను. ఒకటి ఎండలో ఉంచి, రెండోదాని మీద మందపాటి గోనెసంచి కప్పాను.

"గీ నీళ్లల్ల కంటికి కనబడని జీవులున్నయి. వాటి ఒంట్ల ఎర్రచుక్కలు ఎండకు గొడుగు లెక్క పైకొస్తయి. నీడైతే లోపలికి పోతయి, కింది పచ్చదనం కనబడ్తది. జర ఆగి చూడుండ్రి," అన్నాను.

నేను చదివిందే తప్ప ఎన్నడూ చూసింది కాదు. మారకపోతే? గట్టు మీద అటూ ఇటూ తిరిగాను. ఒకాయన బీడీ వెలిగించాడు, ఇంకొకాయన పోతానని లేచి మళ్లీ కూర్చున్నాడు. సంచి ఎత్తి చూద్దామని రెండుసార్లు వంగి ఆగిపోయాను.

చివరికి పెద్దమనిషే సంచి తీశాడు. ఎండలో పళ్లెం ఎర్రగానే ఉంది. నీడలోది పాచిపచ్చగా మారింది.

ఆయన చాలాసేపు రెండింటినీ మార్చి మార్చి చూశాడు. "బట్టల రంగైతే గిట్ల మారదు," అన్నాడు మెల్లగా. తర్వాత నా వైపు తిరిగాడు. "మరి చేపలెందుకు సచ్చినయి బిడ్డా?"

"గీటిల్ల కొన్ని జాతులు విషం వదుల్తయంటరు. గిది గా జాతేనా అంటే గట్టిగ చెప్పలేను. పరీక్ష చేయించాలె."

తెలియదని ఒప్పుకున్నందుకే నమ్మాడేమో, మరేమీ అడగలేదు. సాయంత్రానికి మాట ఊరంతా పాకింది. మా గుమ్మం ముందుకు మళ్లీ ఎవరూ రాలేదు. క్షమాపణ చెప్పడానికి కూడా రాలేదు.

వానలు మొదలయ్యాక కుంట మామూలైంది. గెలిచామనుకున్నాను. అప్పుడే నాన్న రంగుపని పెట్టుకోవడానికి కోస్గిలో ఒక జాగా కిరాయికి మాట్లాడుకుని వచ్చాడు.

"ఇప్పుడెందుకు అబ్బా? నీ తప్పు లేదని తేలింది కద!"

"తేలింది. ఇంకోసారి ఏదన్నైతే? మల్ల నా ఇంటికే వస్తరు. నువ్వు మల్ల సీసా పట్టుకోని ఉరుకుతవు."

సామాను ఎక్కించే రోజు సంఘం పెద్దమనిషి వచ్చాడు. డేగిసాకు రెండో పక్క చెయ్యేసి ఆటోలోకి ఎత్తించాడు. "ఎందుకు పోతున్నవ్ భాయ్?" అన్నాడు.

"బస్టాండు దగ్గరైతది, గంతే," అన్నాడు నాన్న నవ్వుతూ.

నిజం చెప్పమని అరవాలనిపించింది. వాళ్లిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకున్నారు. నేను ఆటో ఎక్కి, పోనిమ్మన్నాను.