గూడ్సు బండి ఉన్న టేకు

నమ్మమని బతిమాలను. కానీ ఇందులో ఒక్క ముక్క కల్పించలేదు. ఆ రాత్రి ఆ మేడ మీద ఉన్నది నేనూ, మా బావా. మూడో మనిషి లేడు.

బావ అంటే మా అక్క భర్త. కంచరపాలెంలో వాళ్ళ మేడ మీది గదిని స్టూడియో చేశాడు. పక్కనే రైలు పట్టాలు. కింద వెల్డింగ్ షాపు, అందుకే రాత్రిళ్ళు పాడేవాళ్ళం. నా తొలి ఆల్బం అక్కడే తయారైంది. అద్దం అవతల అక్క కూర్చునేది, గోడకు అరచెయ్యి ఆనించి. మాకు వినపడకముందే రైలు ఆ చేతికి తెలిసేది. అద్దం మీద రెండుసార్లు కొట్టేది. నేను ఆపేసేవాణ్ణి. బండి పోయాక మళ్ళీ మొదలు.

ఎనిమిది పాటలు అలాగే అయ్యాయి. తొమ్మిదోది మిగిలి ఉండగా అక్క పోయింది.

రెండు నెలల తర్వాత ఆ పాటకు కూర్చున్నాం. బావ రికార్డింగ్ మెషీన్ దగ్గర, అద్దానికి దూరంగా. నేను లోపల కళ్ళు మూసుకుని పాడుతున్నాను. చివరి చరణం...

టక్... టక్.

కళ్ళు తెరిచాను. కుర్చీ ఖాళీ. బావ రెండు చేతులూ మెషీన్ మీదే ఉన్నాయి. తల మాత్రం... అద్దం వైపు తిరిగి ఉంది.

ఆపలేదు. ఎక్కడిదో మొండితనం వచ్చింది. వస్తే రానీ అనుకున్నాను. గొంతు పెంచాను. ముందు నేల వణికింది... తర్వాత గోడ... తర్వాత అద్దం. గూడ్సు బండి. చివరి మాట దాని చప్పుడులోనే పాడాను.

"ఏటి బావా, నువ్వు కొట్టావా?"

"నానెందుకు కొడతాన్రా? లెగనే నేదు." మెల్లగా అడిగాడు. "ఇంకో టేకు పాడతావేటి?"

"పాడను."

పాటలు పంపాక, ఆల్బం వేసే కంపెనీ మేనేజరు హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు. "మీతో రైలు కూడా పాడిందేంటండీ? దాని పేరు కూడా వెయ్యాలా? ఇక్కడికొచ్చి మళ్ళీ పాడండి. లేదంటే ఆల్బం రాదు."

"ఆ పాట తీసేస్తే మిగతా ఎనిమిదీ ఇవ్వను" అన్నాను.

పది రోజులు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఉన్నదున్నట్టే విడుదల చేశారు. జనం పట్టుకున్నది ఆ పాటనే. కూర్మన్నపాలెం టీ కొట్టు దగ్గర స్టీలు ప్లాంటులో పనిచేసే ఒకాయన నన్ను గుర్తుపట్టాడు. "ఆ బండి సౌండు ఎక్కడ కొన్నావ్ గురూ? అదిరిపోనాది!"

ఆ రెండు దెబ్బలు మాత్రం రికార్డులో లేవు. చక్రాలున్నాయి, నా గొంతుంది. మేమిద్దరం విన్నది మైకు వినలేదు.

ఆపమని కొట్టిందో, భయపడకుండా పాడమందో... అసలు అక్కేనో కాదో. తెలీదు. రెండో ఆల్బం కూడా ఆ గదిలోనే పాడుతున్నాను. కొడితే కొట్టనీ. ఆపను.