రొట్టె ఉండాల్సిన కంచంలో

మొయినాబాద్ దగ్గర ఒక ఫామ్‌హౌస్ వెనక మట్టిగోడల ఇల్లు సెట్ వేశారు. నిజాం కాలపు పల్లె మీద వచ్చిన ఒక నవలను సినిమాగా తీస్తున్నారు. ఆ నవల నాకు దాదాపు కంఠతా వచ్చు. అందుకే చేవెళ్ల నుంచి రోజూ బస్సెక్కి వెళ్లి కంటిన్యుటీ అసిస్టెంట్‌గా పనిచేశాను. షాట్‌కీ షాట్‌కీ మధ్య ఏదైనా మారిందా, ఆ కాలంలో లేనిదేదైనా ఫ్రేములోకి వచ్చిందా అని చూడటం నా పని. నీళ్లు మోసే ఆవిడ చేతికి వాచీ, గూట్లో ప్లాస్టిక్ డబ్బా. ఫొటో తీసి యూనిట్ వాట్సాప్ గ్రూపులో పెడితే చాలు, నోరు విప్పక్కర్లేదు. నాకు అదే హాయి.

ఆ రోజు ఇంటివాళ్లు మామూలుగా మధ్యాహ్నం తినే సీను. చూస్తే ప్రతి కంచంలోనూ తెల్లటి అన్నం.

నవల చివర, కరువుకు ఊరు విడిచే రోజున తల్లి దాచిన బియ్యమంతా వండుతుంది. అన్నం చూసి చిన్న కూతురు, "ఇయ్యాల ఏం పండుగనే?" అని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్న కోసమే నేను ఆ పుస్తకం మళ్లీ మళ్లీ చదివాను. రోజూ అన్నమే తినే పిల్ల అలా ఎందుకు అడుగుతుంది?

కంచాలు సర్దుతున్న ఆర్ట్ డిపార్ట్‌మెంట్ అన్నకు, అన్నం బదులు జొన్నరొట్టె పెట్టాలని మెల్లగా చెప్పాను.

"జొన్నరొట్టెనా? కెమెరాల అట్టముక్క లెక్క కనపడ్తది చెల్లె. అన్నమైతే మెరుస్తది."

"అప్పట్ల పండుగకే అన్నమన్నా. మా అవ్వ చెప్తది."

"మీ అవ్వ టికెట్ కొంటదా? జర ఊకో."

గ్రూపులో ఫొటో పెట్టాను. ఎవరూ చూడలేదు. లైట్లు వెలిగాయి. ఇక నేనే వెళ్లి డైరెక్టర్ కుర్చీ పక్కన నిలబడ్డాను.

"ఏందమ్మా, మళ్ల వాచీనా?"

"కాదు సార్. అన్నం."

ఆయన నవ్వాడు. అయినా నేను ఆపలేదు.

"ఇప్పుడే అన్నం చూపిస్తే ఆఖరు సీన్ల పాప అడిగే మాటకు అర్థం ఉండది సార్."

ఆయన స్క్రిప్టులో చివరి పేజీలు తిప్పి చూశాడు.

"రొట్టెలెవరు చేస్తరు? క్యాటరింగోళ్ల తాన చపాతీలే ఉన్నయ్."

"నేను చేస్త."

జొన్నపిండి కోసం బండి వెళ్లింది. చూపుకు పెట్టిన పొయ్యిని నిజంగానే వెలిగించారు. వేడినీళ్లతో పిండి కలిపి, పీట మీద అరచేత్తో కొట్టాను. మొదటిది పెనం మీద వేయబోతుంటే విరిగింది.

"చెల్లె, దీని ఫొటో గూడ గ్రూపుల పెట్టాల్నా?" అన్నాడు ఆర్ట్ అన్న. అందరూ నవ్వారు. చెవులు మండిపోతున్నా తలెత్తకుండా ఇంకొకటి కొట్టాను. అది పొంగింది.

చిన్న కూతురి వేషం వేసిన పాప టేక్ టేక్‌కూ రొట్టె తినేసేది. మళ్లీ అదే చోట తుంచిన రొట్టె కంచంలో ఉండాలి గనుక, నేను పొయ్యి ముందు నుంచి లేవలేదు. తర్వాతి భోజనాల సీన్లన్నింటికీ రొట్టెలే.

ఆఖరి సీను రోజు కుండ మూత తీయగానే ఆవిరి లేచింది. రొట్టెలు నమిలి నమిలి విసిగిన పాప కళ్లు నిజంగానే పెద్దవయ్యాయి.

"ఇయ్యాల ఏం పండుగనే?"

తల్లి వేషం వేసినామె ముఖం పక్కకు తిప్పుకుంది. డైరెక్టర్ కట్ చెప్పడానికి కాస్త ఆలస్యం చేశాడు.

అలవాటుగా ఫొటో తీశాను. కంచాలు, కుండ, ఆవిరి. సరిచేయాల్సింది ఏమీ కనబడలేదు.