మొద్దుగా పలికిన జాడీ

చెవులక్క చెక్కపుల్లతో జాడీ నడుం మీద తట్టింది. ఖంగుమనలేదు. చుట్టూ తిప్పి మళ్లీ తట్టింది. అదే మొద్దు చప్పుడు. పుల్ల పక్కన పెట్టి సుత్తి అందుకుంది.

ఆ మట్టిసామాన్ల కార్ఖానాలో బట్టీ నుంచి దిగిన ప్రతిదీ ఆమె చెవి దాటాలి. మొద్దుగా పలికితే ఎక్కడో వెంట్రుకంత బీట ఉన్నట్టే లెక్క. అక్కడికక్కడే పగలగొట్టి పెరట్లో పోయడమే. పెళ్లికి ముందు నుంచీ ఆమెది అదే పని. పేరు కూడా ఆ పనే పెట్టింది.

"వదినా, ఆగాగు!" కుమ్మరి సారె దగ్గర్నుంచి మట్టి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది ఆడపడుచు. పెద్ద జాడీ చేయడం ఆమెకిదే మొదలు. కొనే మనిషి గుమ్మంలో కూర్చునే ఉన్నాడు. "ఇది పోయిందంటే మేస్త్రి నన్ను మళ్లీ కప్పులకి పిడులు అతికించుకోమంటాడు."

"నీ ఏడుపు మొహం చూసి బీట పూడుతుందా? తప్పుకో."

"ఒక్క మాట చెప్పి కొట్టు. నువ్వు రాకముందు అన్నిటికీ సిరా నీళ్లు పూసి, బీటలోకి ఇంకి గీత తేలుతుందేమో చూసేవాళ్లట కదా. నూటికి ఎన్ని బీటలు తేలేవి?"

"రెండు. ఆ రెండూ నా చెవి దాటవు. కారుతోందని ఇప్పటిదాకా ఒక్కటైనా తిరిగొచ్చిందా?"

"రాలేదు తల్లీ, ఒప్పుకున్నాం. మరి నూటికి నువ్వెన్ని పగలగొడతావ్?"

"పది దాకా..."

అంటూనే ఆగిపోయింది. బల్ల మీది కప్పులు పది దగ్గరకు లాక్కుంది. రెండింటిని పక్కకు జరిపింది. మిగిలిన ఎనిమిదింటి మీద ఆమె చేయి అలాగే బిగుసుకుపోయింది.

"పగలగొట్టిన ప్రతి పదిలో ఇన్ని... మంచివేనా?"

గోడ కాస్త మందమైనా మొద్దుగానే పలుకుతుంది. ఆ సంగతి ఆమెకు తెలియనిది కాదు. పెంకులయ్యాక పాత బీటేదో, సుత్తి దెబ్బేదో ఎవరు చెప్పగలరు? ఎన్నేళ్ల బట్టీలు! సుత్తి కింద పెట్టేసింది.

"కూర్చో వదినా, చెమటలు పడుతున్నాయ్. నా జాడీ మంచిదేగా మరి?"

"ఐదింట నాలుగు వంతులు మంచిదే. ఆ ఒక్క వంతూ తీసుకెళ్లి గుమ్మంలో మనిషికి అంటగడతావా? సిరా పట్రా."

తనే పూసింది. కాసేపు నాననిచ్చింది. తుడిచి, వెలుతురుకు పట్టి, వేలు పెట్టి అంగుళం అంగుళం చూసింది. లోపల కూడా చూసింది. ఎక్కడా గీత లేదు.

జాడీని రెండు చేతులా ఎత్తుకుని గుమ్మం దాకా నడిచింది.

"అడుగున చేయి వేసి పట్టుకోండి. బరువుంటుంది," అంటూ అతని చేతుల్లో పెట్టింది.